254 పౌండ్ల లోపు విమానం: గ్యారేజీలో అల్ట్రాలైట్ కట్టడం ఎలా

సొంత చేతులతో విమానం కట్టుకుని ఎగరాలనుకునేవాళ్లకి అమెరికాలో ఒక వెసులుబాటు ఉంది. అక్కడి విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ నిబంధనల్లో పార్ట్ 103 అనే చిన్న భాగం 1982లో అమల్లోకి వచ్చింది. దాని హద్దుల్లో ఇమిడే బండినే అల్ట్రాలైట్ అంటారు, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నడిపేవాళ్లకి పైలట్ లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు. హద్దులు ఇవి. ఒకే సీటు ఉండాలి. ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండాలి. ట్యాంకు 5 అమెరికన్ గ్యాలన్లు, అంటే 18.9 లీటర్లు మించకూడదు. ఫుల్ పవర్ మీద మట్టంగా ఎగిరినప్పుడు వేగం 55 నాట్లు, అంటే గంటకి సుమారు 102 కిలోమీటర్లు దాటకూడదు. ఇంజిన్ పవర్ తీసేసినప్పుడు స్టాల్ వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్క ఇక మోయలేని వేగం, 24 నాట్లకి మించకూడదు. సరదాకి మాత్రమే ఎగరాలి, అదీ పగటిపూట. జనం కిక్కిరిసిన ఊళ్ల మీదుగా పోకూడదు. విమానాల రాకపోకల్ని కంట్రోలర్లు చూసే కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లోకి వెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

ఈ వెసులుబాటు ఇండియాలో లేదు. అక్కడ మైక్రోలైట్ అనే చిన్న విమానానికి కూడా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, వీటీతో మొదలయ్యే నంబరు, నడిపేవాళ్లకి లైసెన్సు కావాలి. ఊళ్లో నాలుగెకరాల చెలక ఉంది కదా, అక్కడే కట్టి అక్కడే ఎగరేద్దాం అనుకుంటే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది. కాబట్టి ఇదంతా డాలస్‌లోనో అట్లాంటాలోనో రెండు కార్ల గ్యారేజీ ఉండి, ఒక కారును బయట నిలపడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నవాళ్ల కోసం.

254 దాటితే ఏమవుతుంది? అది అల్ట్రాలైట్ కాకుండా పోతుంది. సొంతంగా కట్టిన విమానాల వర్గమైన ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ కింద ఎన్-నంబరు (అమెరికా రిజిస్ట్రేషన్ నంబరు), ఇన్‌స్పెక్షన్, పైలట్ సర్టిఫికెట్ అన్నీ కావాలి. అది తప్పేమీ కాదు, వేలమంది ఆ దారిలోనే కడుతున్నారు. కానీ పార్ట్ 103 కోసమే మొదలుపెట్టి చివర్లో 262 పౌండ్లు తూగితే ఏ ముక్క విప్పాలో తెలియక తల పట్టుకోవడమే.

ప్లాను

సొంతంగా డిజైన్ చేయొద్దు. ఇప్పటికే ఎన్నో ఎగురుతున్న డిజైన్ ప్లాను కొనండి. కట్టుబడిని బట్టి వీటిలో మూడు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. మినీ-మ్యాక్స్ కుటుంబం చెక్కది. లీగల్ ఈగిల్‌కి 4130 రకం స్టీలు గొట్టాలు వెల్డింగ్ చేస్తారు, ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్‌ని సగం చేసి పెడతారు. అఫోర్డాప్లేన్ అల్యూమినియం గొట్టాలతో, బోల్టులతో బిగించేది. మినీ-మ్యాక్స్‌లో అన్ని మోడళ్లూ పార్ట్ 103లో పట్టవు, కొనేముందు చూసుకోవాలి. మొదటిసారి కట్టేవాళ్లకి చెక్క మేలని మా అభిప్రాయం. రంపం, చిత్రిక, క్లాంపులు ఉంటే పని నడుస్తుంది, తప్పు పోయినచోట కోసి మళ్లీ అతికించుకోవచ్చు. వెల్డింగ్ చేయి తిరగనివాళ్లు స్టీలు జోలికి పోకపోవడమే మంచిది. లోపల సగమే కరిగిన అతుకు కూడా పైకి నున్నగా కనిపిస్తుంది.

ప్లాను అమ్మేవాళ్లు చెప్పే బరువు నమ్మకండి. అదే ప్లానుతో కట్టినవాళ్లని పట్టుకుని, తక్కెడ మీద ఎంత వచ్చిందో అడగండి. సొంతంగా విమానాలు కట్టేవాళ్ల సంఘం ఈఏఏలో సభ్యత్వం తీసుకుంటే టెక్నికల్ కౌన్సిలర్లు ఉచితంగా వచ్చి పని చూస్తారు. రెక్కకి గుడ్డ వేసి మూసేయక ముందే ఒకసారి పిలవాలి. మూసేశాక చూడటానికి ఏమీ మిగలదు.

రెక్కలు ఇంత పెద్దవెందుకు, కాస్త కత్తిరిస్తే గ్యారేజీలో పడతాయి కదా అని చాలామందికి అనిపిస్తుంది. లెక్క వేద్దాం. మనిషి, పెట్రోలుతో కలిపి మొత్తం 450 పౌండ్లు అనుకోండి. సముద్రమట్టం దగ్గర 24 నాట్ల వేగం వల్ల వచ్చే గాలి ఒత్తిడి చదరపు అడుగుకి సుమారు 1.95 పౌండ్లు. మంచి వంపున్న రెక్క ఆ ఒత్తిడికి ఎన్ని రెట్లు మోయగలదో చెప్పే గరిష్ఠ లిఫ్ట్ కోఎఫిషెంట్ 1.6 అనుకుంటే చదరపు అడుగుకి 3.1 పౌండ్లు మోస్తుంది. అంటే దాదాపు 144 చదరపు అడుగుల రెక్క కావాలి. కత్తిరిస్తే స్టాల్ వేగం పెరిగి చట్టమూ తప్పుతుంది, దిగే వేగమూ పెరుగుతుంది.

తూకం

పని మొదలయ్యే రోజునే ఒక నోటుపుస్తకం, గ్రాముల వరకు చూపే వంటింటి తక్కెడ, పెద్ద ముక్కలకి ఇంకో తక్కెడ పెట్టుకోండి. ఏ ముక్కనైనా తూచి రాశాకే బిగించాలి. ముందే ఇలా వాటాలు వేసుకోండి: ఇంజిన్, రిడక్షన్ డ్రైవ్, ఎగ్జాస్ట్, ప్రొపెల్లర్‌కి 75 పౌండ్లు, గుడ్డతో సహా రెక్కలు, స్ట్రట్లకి (రెక్కల ఊతలకి) 72, ఫ్యూజ్‌లాజ్‌కి (విమానం మొండేనికి) 48, తోకకి 14, చక్రాలు, గేర్‌కి 22, సీటు, బెల్టులు, కంట్రోళ్లు, మీటర్లు, ట్యాంకుకి 18. మొత్తం 249. మీ ప్లానుని బట్టి అంకెలు మారతాయి, కానీ వాటా లేకుండా మొదలుపెట్టొద్దు. ఒకచోట 3 పౌండ్లు మించితే ఇంకోచోట ఏది తగ్గించాలో ఆ రోజే తేల్చుకోవాలి. రాకెట్‌తో తెరుచుకునే పారాచూట్ పెడితే దానికి 24 పౌండ్ల మినహాయింపు విడిగా ఉంది. ఖర్చు పెట్టగలిగితే తప్పకుండా పెట్టండి.

బరువు ఒక్కసారిగా పెరగదు, చాటుమాటుగా వస్తుంది. ఒక్కో రిబ్బుకి, అంటే రెక్కకి వంపునిచ్చే అడ్డచట్రానికి, 10 గ్రాముల జిగురు ఎక్కువైతే 24 రిబ్బులకి పావుకిలో. ఎలక్ట్రిక్ స్టార్టర్, దానికో బ్యాటరీ. మెరుపు కోసం ఇంకో కోటు రంగు. 'గట్టిగా ఉంటుంది కదా' అని 1/8 బదులు 1/4 అంగుళం ప్లైవుడ్. ఈ చివరిదే అన్నిటికన్నా ప్రమాదం. ఒకచోట గట్టి చేస్తే బరువు మోసే దారి మారి, పక్కనున్న ముక్క విరగొచ్చు.

తోకలో పెరిగే బరువు సంగతి వేరు. అది సీజీని, అంటే విమానం బరువంతా తూగే బిందువుని, వెనక్కి జరుపుతుంది. ఉదాహరణకి రెక్క ముందంచుని సున్నాగా పెట్టుకుందాం. ముందు చక్రాలు దానికి 2 అంగుళాల వెనక, తోక చక్రం 150 అంగుళాల వెనక ఉన్నాయి. ఖాళీ విమానాన్ని ఎగిరే భంగిమలో మట్టంగా నిలబెట్టి తూస్తే ముందు చక్రాల మీద 232, తోక మీద 18 పౌండ్లు వచ్చాయి. మూమెంట్లు, అంటే బరువు ఇంటూ దూరం: 232 ఇంటూ 2 అంటే 464, 18 ఇంటూ 150 అంటే 2,700. 170 పౌండ్ల మనిషి 17 అంగుళాల దగ్గర కూర్చుంటే 2,890. 30 పౌండ్ల పెట్రోలు 20 అంగుళాల దగ్గర 600. మొత్తం 6,654ని 450తో భాగిస్తే సీజీ 14.8 అంగుళాల దగ్గర. రెక్క వెడల్పు 54 అంగుళాలైతే అది ముందంచు నుంచి 27 శాతం.

ఇప్పుడు తోక చక్రం దగ్గర 3 పౌండ్లు పెరిగాయనుకోండి. సీజీ 15.7 అంగుళాలకి, అంటే 29 శాతానికి జరుగుతుంది. దాన్ని మళ్లీ వెనకటి చోటికి తేవాలంటే 36 అంగుళాల ముందున్న ఇంజిన్ దగ్గర 8 పౌండ్ల సీసం కట్టాలి. తోకలో 3 పౌండ్లకి విమానం మొత్తం మీద 11 పౌండ్ల శిక్ష. అందుకే తోక భాగాలకి అన్నిటికన్నా తేలికైన చెక్క ఏరి పెట్టుకోవాలి, రంగు అక్కడ అన్నిటికన్నా పల్చగా వేయాలి. ప్లానులో ఇచ్చిన వెనక హద్దు ఒక్క పావు అంగుళం దాటినా ఎగరొద్దు. ముక్కు బరువుంటే దిగేటప్పుడు ఇబ్బంది, తోక బరువుంటే స్టాల్ నుంచి బయటపడటమే ఉండకపోవచ్చు.

చెక్క, జిగురు, రిబ్బులు

స్పార్లకి, అంటే రెక్క పొడవునా పోయే దూలాలకి, సిట్కా స్ప్రూస్ చెక్క. డగ్లస్ ఫర్ బలమైనదే, కానీ బరువెక్కువ. ప్లాను ఒప్పుకుంటేనే వాడాలి. పలకని ఇలా చూడండి: అంగుళానికి కనీసం 6 వలయాలు ఉండాలి. నార వాలు 15 అంగుళాల పొడవుకి 1 అంగుళం మించకూడదు. తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. నార వాలు కంటికి మోసంగా ఉంటుంది, ఫౌంటెన్ పెన్ సిరా ఒక చుక్క పెడితే నార ఎటు పోతే సిరా అటు పాకుతుంది. పలకకి అడ్డంగా వెంట్రుకవాసి ముడతలు కనిపిస్తే అవి చెట్టు గాలికి వంగినప్పుడో, కొట్టి పడేసినప్పుడో నలిగిన చోట్లు. ఆ పలక ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. పొడవు చాలక అతికించాల్సి వస్తే స్కార్ఫ్ (ఏటవాలు అతుకు) వాలు 1కి 12 ఉండాలి.

జిగురుకి టీ-88 లాంటి స్ట్రక్చరల్ ఎపాక్సీ చాలామంది వాడతారు. సన్న సందుల్ని పూడుస్తుంది, క్లాంపు ఒత్తిడి ఎక్కువ అక్కర్లేదు. ఇక్కడే ఒక తప్పు తరచూ జరుగుతుంది. దాని పాళ్లు కొలతలో 1కి 1, కానీ తూకంలో రెసిన్ 100కి హార్డెనర్ 83. తక్కెడ మీద సమంగా పోసి కలిపితే హార్డెనర్ ఎక్కువై, గట్టిపడినట్టు కనిపించినా రబ్బరులా మిగులుతుంది. అతికే ముఖాలు అదే రోజు చిత్రిక పట్టినవై ఉండాలి. సన్న ఉప్పుకాగితంతో నున్నగా రుద్దొద్దు, దుమ్ము నారలో కూరుకుపోయి జిగురుని లోపలికి రానివ్వదు. క్లాంపులు బలంగా బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. అంచు పొడవునా సన్నటి గీతలా జిగురు పొంగితే చాలు. ప్రతి కలుపులోంచీ రెండు చెక్క ముక్కల్ని అతికించి తేదీ వేసి పెట్టుకోండి, మర్నాడు వైస్‌లో పెట్టి సుత్తితో విరగ్గొట్టండి. చెక్క చీలాలి. జిగురు గీత వెంబడి నున్నగా ఊడివస్తే ఆ రోజు అతికించినదంతా అనుమానమే.

రిబ్బు జిగ్‌ని, అంటే రిబ్బులన్నీ ఒకేలా రావడానికి వాడే అచ్చుని, ముప్పావు అంగుళం పలక మీద చేస్తారు. ప్లాను కాగితాన్ని జిరాక్స్ తీసి అతికించేముందు స్కేలు పెట్టి రెండు వైపులా కొలవండి, జిరాక్సులో పొడవు సాగడం మామూలే. ఆకారం చుట్టూ చెక్క దిమ్మలు స్క్రూలతో బిగించి, మీద పాలిథిన్ పరవాలి, లేకపోతే రిబ్బు జిగ్‌కే అతుక్కుంటుంది. పావు అంగుళం చదరపు పుల్లల్ని వేడినీళ్లలో నానబెట్టి, ముందంచు వంపు ఉన్న అచ్చులో రాత్రంతా బిగించి, పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాలి. 1/16 అంగుళం బర్చ్ ప్లైవుడ్ గస్సెట్లు (అతుకుల మీద అంటించే ముక్కలు) ఒకేసారి కోసి డబ్బాలో వేసుకుంటే పని సాగుతుంది. స్టేపుల్స్ కొట్టేటప్పుడు కింద నైలాన్ పట్టీ పెడితే, జిగురు గట్టిపడ్డాక పట్టీ లాగితే స్టేపుల్స్ అన్నీ వరసగా ఊడి వచ్చేస్తాయి. అవి వదిలేస్తే అదీ బరువే. మొదటి రిబ్బుని విరగ్గొట్టడానికే చేయండి.

బోల్టులు, కేబుళ్లు

హార్డ్‌వేర్ షాపు బోల్టులు వాడొద్దు. విమానాల కోసం చేసే ఏఎన్ రకం బోల్టులే వాడండి: ఏఎన్3 అంటే 3/16 అంగుళం, ఏఎన్4 అంటే పావు అంగుళం. మర ఉన్న భాగం రంధ్రంలో బరువు మోయకూడదు, పొడవు అలా ఎంచుకోవాలి. రంధ్రాన్ని కాస్త చిన్నగా డ్రిల్ చేసి రీమర్‌తో సరిచేయండి. లోహం మీద లోహానికి టార్క్ ఏఎన్3కి 20-25, ఏఎన్4కి 50-70 ఇంచ్-పౌండ్లు. చెక్క మీద ఈ అంకెలు పెడితే చెక్క నలిగిపోతుంది. అక్కడ వెడల్పు వాషర్ వేసి, ప్లాను చెప్పినంతే బిగించాలి. కదలని అతుక్కి నైలాన్ లాక్ నట్టు చాలు. తిరిగే అతుక్కి, అంటే కంట్రోల్ హార్నులు, బెల్‌క్రాంకుల్లాంటి చోట్ల, క్యాజిల్ నట్టు (గాట్లున్న నట్టు) వేసి కాటర్ పిన్ తొడగాల్సిందే. వేళ్లతో తిరిగిపోయే నైలాన్ నట్టుని చెత్తలో పడేయండి.

కంట్రోల్ కేబుళ్ల చివర రాగి స్లీవుని సరైన నొక్కు పనిముట్టుతోనే నొక్కాలి, నొక్కిన ప్రతిదాన్నీ గేజ్‌తో చూడాలి. 1/8 అంగుళం కేబుల్‌కి మూడు నొక్కులు, మధ్యది ముందు. కేబుల్ మెలిక లోపల పెట్టే గాడి రేకు, థింబుల్, మరవొద్దు.

గుడ్డ

విమానాలకి వాడే పాలిస్టర్ గుడ్డని ఫ్రేముకి జిగురుతో అంటించి, ఇస్త్రీపెట్టె వేడితో బిగిస్తారు. అంతకుముందు చెక్కకి ఎపాక్సీ వార్నిష్ వేయాలి. మామూలు వార్నిష్ వేస్తే గుడ్డ జిగురులోని ఎంఈకే అనే ద్రావకం దాన్ని కరిగించి, అతుకు లేచిపోతుంది. బోల్టు తలల మీద, పదునైన మూలల మీద టేపు వేయండి. ఇస్త్రీపెట్టె డయల్ మీది అంకెల్ని నమ్మకుండా థర్మామీటరుతో సరిచూసుకోండి. మొదట 250 ఫారెన్‌హీట్, తర్వాత 300, చివరికి 350. అంతకుమించితే గుడ్డ బిగువు పోతుంది, ఇంకా పెరిగితే కరుగుతుంది. హీట్ గన్ అసలు వాడొద్దు. తేలిక చెక్క ఫ్రేము మీద రెండు వైపులా మార్చి మార్చి బిగించాలి. ఒకే వైపు పూర్తిచేస్తే వెనకంచు విల్లులా వంగుతుంది. గుడ్డని రిబ్బులకి పట్టే కుట్ల మధ్య దూరం ప్లానులో ఎంత ఉంటే అంతే.

తర్వాత గుడ్డని కాపాడేది వెండిరంగు పూత, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపేది అదే. చీకట్లో రెక్క లోపల బల్బు పెట్టి చూడండి, వెలుగు కనిపించిన చోట ఇంకో పూత కావాలి. పైన అందమైన రంగు మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిది.

గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే పైలట్ మంట ఆర్పకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఎంఈకే ఆవిరి నేల మీద పాకుతూ వెళ్తుంది.

ఇంజిన్, పెట్రోలు

సాధారణంగా 28 నుంచి 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్. పెట్రోలులో 50కి 1 చొప్పున ఆయిల్ కలపాలంటే ఫుల్ ట్యాంకు 18.9 లీటర్లకి 378 మిల్లీలీటర్లు. చల్లగా ఉన్నప్పుడే ఫుల్ థ్రాటిల్ ఇస్తే పిస్టన్ ముందు వ్యాకోచించి, సిలిండర్ ఇంకా చల్లగానే ఉండి, పట్టేస్తుంది. కార్బురేటర్ రబ్బరు సాకెట్‌లో సన్నటి పగులు ఉన్నా గాలి ఎక్కువ పీల్చి మిశ్రమం పల్చబడి అదే గతి పడుతుంది, కనుక దాన్ని వంచి వంచి చూడండి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే పోయండి. అనుమానముంటే గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోలు పోసి కుదిపి, తేరనివ్వండి. నీటి మట్టం 10 దాటితే ఇథనాల్ ఉన్నట్టే.

ఒక పరీక్ష మాత్రం ఎవరూ మానకూడదు. విమానాన్ని బాగా పైకెక్కే భంగిమకన్నా ఇంకో 5 డిగ్రీలు ఎక్కువ ముక్కెత్తి నిలబెట్టి, కార్బురేటర్ దగ్గర గొట్టం తీసి పెట్రోలుని కొలత డబ్బాలోకి వదలండి. దానంతటదే కిందికి దిగే పెట్రోలైతే, ఇంజిన్ అత్యధికంగా తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. పంపు ఉంటే ఒకటింబావు రెట్లు చాలు. ఇంజిన్ గంటకి 4 గ్యాలన్లు తాగితే 6 రావాలి, అంటే 1 గ్యాలన్ 10 నిమిషాల్లో నిండాలి. 14 నిమిషాలు పట్టిందంటే ట్యాంకు మూత రంధ్రం, గొట్టం మడత, ఫిల్టర్ వరసగా చూడండి. ఎక్కువసార్లు మూత రంధ్రమే. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడూ ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. నేల మీద అరగంట చక్కగా తిరిగిన ఇంజిన్ ఎక్కే వేళ ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఎగిరే ముందు

స్టిక్ ఎడమకి నెడితే ఎడమ ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. వెనక్కి లాగితే తోకలోని ఎలివేటర్ వెనకంచు పైకి లేవాలి. ఇది కట్టినవాళ్లు కాక ఇంకొకరు చూడాలి. కట్టినవాళ్ల కంటికి తలకిందుల కేబుల్ కూడా సరిగానే కనిపిస్తుంది.

లైసెన్సు అక్కర్లేదంటే శిక్షణ అక్కర్లేదని కాదు. రెండు సీట్ల తేలికపాటి విమానంలో ఇన్‌స్ట్రక్టర్‌తో సొంతంగా దిగడం వచ్చేదాకా నేర్చుకోండి. అందులోనూ తేడా ఉంది. సెస్నా లాంటి బరువైన విమానంలో ఇంజిన్ ఆగితే ఆలోచించడానికి కాస్త సమయముంటుంది. అల్ట్రాలైట్‌కి బరువు తక్కువ, గాలి అడ్డు ఎక్కువ. ముక్కెత్తి ఎక్కుతుండగా ఇంజిన్ ఆగితే ఒకటి రెండు సెకన్లలో వేగం కారిపోతుంది. చేయి అప్రయత్నంగా స్టిక్‌ని ముందుకి నెట్టాలి. రన్‌వేకి వెనక్కి తిరిగే ఆలోచన పెట్టుకోకుండా ఎదురుగా ఉన్న పొలంలోనే దించాలి. అందుకే టేకాఫ్‌లో నిటారుగా ఎక్కించొద్దు, వేగం పెరిగాక మెల్లగా ఎక్కాలి.

మొదటి రోజులు తెల్లవారుజామున, గాలి గంటకి 5 మైళ్ల లోపు ఉన్నప్పుడు టాక్సీ మాత్రమే, అంటే నేల మీద నడపడం మాత్రమే, చేయండి. మొదటి గంట తర్వాత బోల్టులన్నీ తిరిగి చూడండి. ప్రతి బోల్టు మీదా నట్టు నుంచి చెక్క దాకా ఎర్ర రంగు గీత గీసి ఉంచుకుంటే, కదిలినది చూపుకే దొరుకుతుంది. చెక్క ప్రొపెల్లర్ బోల్టులు ఋతువు మారినప్పుడల్లా చూడాలి. పొడి చలికాలంలో చెక్క కుంచించుకుని అవి వదులవుతాయి, తేమ నెలల్లో చెక్క ఉబ్బి హబ్ కింద నలుగుతుంది.